సోయా కొవ్వొత్తి మధ్యలో బావి తవ్వుతోంది, వత్తి మార్చాలా మైనం మార్చాలా?

సాయంత్రదీపం
నాలుగు నెలలుగా ఇంట్లో సోయా మైనంతో కొవ్వొత్తులు చేస్తున్నాను. అమ్మకానికి కాదు, ఇప్పటికైతే ఇంట్లోకి, చుట్టాలకు. ఆన్‌లైన్‌లో ఒక పెట్టె కొన్నాను. కిలో మైనం, యాభై వత్తులు, చిన్న సీసాలో మల్లె వాసన నూనె, అన్నీ అందులోనే వచ్చాయి. గ్లాసులు మాత్రం ఇక్కడే విజయవాడ వన్‌టౌన్‌లో కొన్నాను, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పువి. పోసిన రోజు చూడముచ్చటగా ఉంటుంది. వెలిగించిన గంటకు వత్తి చుట్టూ పది రూపాయల బిళ్లంత మడుగు కడుతుంది. అక్కడినుంచి వెడల్పు కాదు, లోతుకు దిగుతుంది. మూడో రోజుకు మధ్యలో బావి, చుట్టూ గోడ. ఆఖరికి వత్తి తన బావిలో తానే మునిగి ఆరిపోతుంది. సగం మైనం గ్లాసుకు అంటుకుని మిగిలిపోతోంది. వాసన సంగతి చెప్పనక్కరలేదు, గ్లాసులో ముక్కు పెడితే తప్ప తెలియదు. తప్పు మైనానిదా, వత్తిదా? అమ్మినవాళ్లను అడిగితే "అందరికీ బాగానే వెలుగుతోంది మేడమ్" అన్నారు.

నిప్పుకోడి
వత్తి చిన్నది. అయిపోయింది, తరువాతి ప్రశ్న?

డల్లాస్_దోసకాయ
నిప్పుకోడి గారి తీర్పు బహుశా నిజమే, కానీ విచారణ లేకుండా ఇచ్చారు. గ్లాసు లోపలి వెడల్పు ఎంత? మీరు చెప్పిన ఎనిమిది బయటిదై ఉంటుంది. వత్తి మీద గానీ ప్యాకెట్ మీద గానీ సంఖ్య ఉందా? నూనె ఎంత కలిపారు?

సాయంత్రదీపం
ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను. లోపల ఏడున్నర. ప్యాకెట్ మీద "కాటన్ వత్తి, 15 సెం.మీ." అని మాత్రమే ఉంది. నూనె అరకిలో మైనానికి రెండు మూతలు పోశాను.

డల్లాస్_దోసకాయ
ఏ మూత?

సాయంత్రదీపం
ఆ సీసా మూతే.

నిప్పుకోడి
దగ్గు మందు లెక్క.

డల్లాస్_దోసకాయ
15 సెంటీమీటర్లు పొడవు. పొడవు చూసి వత్తి కొనడమంటే రంగు చూసి చెప్పుల కొలత చెప్పడమే. పొడవు ఎలాగూ మనమే కత్తిరిస్తాం. చూడవలసినవి లావు, అల్లిక.

నేను వాడేవి సీడీ, ఎకో అనే రెండు వరుసలు. రెండూ బల్లపరుపుగా అల్లిన నూలు వత్తులే, అల్లికలో సన్నటి కాగితపు పోగులు కలుపుతారు. దానివల్ల వత్తి కరిగిన మైనంలో తూలిపోకుండా నిలబడుతుంది. సంఖ్య పెరిగితే మంట పెరుగుతుంది. అయితే సీడీ 10, ఎకో 10 ఒకటి కావు, ఒక వరుస లెక్కను ఇంకో వరుసకు పెట్టకండి. నేను మొదట్లో అలాగే పెట్టి ఒక పెట్టెడు వత్తులు వృథా చేసుకున్నాను.

మీ ఏడున్నర సెంటీమీటర్ల గ్లాసుకు, సోయాకు, సీడీ 12, 14, 16 మూడూ కొద్దికొద్దిగా తెప్పించుకోండి. మూడు గ్లాసుల్లో ఒకే మైనం, ఒకే నూనె, ఒకే రోజు పోయండి. అంగుళం వెడల్పుకు గంట అని ఒక మోటు లెక్క ఉంది. అంటే మీ గ్లాసుకు మూడు గంటలు, ఎక్కువలో ఎక్కువ నాలుగు. ఆ లోపు మడుగు అంచు దగ్గరికి రావాలి, లోతు సెంటీమీటరు అటూ ఇటూ ఉండాలి. గంటన్నరకే అంచు తాకితే వత్తి పెద్దదైనట్టు. మొదటి రోజు అంచున పలుచగా కొంత మైనం మిగిలినా కంగారు పడకండి, మంట గ్లాసులో కిందికి దిగేకొద్దీ గోడలు వేడెక్కి అదీ కరుగుతుంది.

నూనె తూకంతోనే కలపండి. 200 గ్రాముల మైనానికి 6 శాతం అంటే 12 గ్రాములు. మీ రెండు మూతలు అరకిలోకి రెండు శాతం కూడా ఉండవు. వాసన ఎలా వస్తుంది?

గడ్డిపూలు
నూనె కలిపే వేడి గురించి కూడా చెప్పండి దోసకాయ గారూ. నేను వీడియోలో 185 డిగ్రీలు అని విని మా వంటింటి థర్మామీటర్‌తో 185 దాకా కాచాను. మైనం పచ్చగా మారింది, ఇల్లంతా మాడిన నూనె వాసన. ఆ వీడియో చేసినావిడ అమెరికాలో ఉంటుందని, అది ఫారెన్‌హీట్ అని మా అబ్బాయి చెప్పేదాకా తెలియలేదు.

నిప్పుకోడి
185 సెంటీగ్రేడ్‌లో గారెలు వేగుతాయండీ.

గడ్డిపూలు
గారెలు వేసినా బాగుండేది.

డల్లాస్_దోసకాయ
185 ఫారెన్‌హీట్ అంటే మనకు 85. చాలా సోయా మైనాలకు ఆ వేడిలో నూనె కలిపి, రెండు నిమిషాలు నిదానంగా తిప్పి, 55–60కి చల్లారాక పోస్తారు. పొయ్యి మీద నేరుగా పెట్టకండి, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. నీళ్లు వందకు మించి వేడెక్కవు కాబట్టి గారెల బెడద ఉండదు.

ఆదిలాబాద్_పత్తి
ఒక అమాయకపు ప్రశ్న. మా చేనులో పత్తి, పక్క చేనులో సోయా. కొవ్వొత్తికి కావలసినవి రెండూ మా ఊళ్లోనే పండుతుంటే వత్తులు అమెరికా నుంచి దేనికి? మా అమ్మ కార్తీక పౌర్ణమికి 365 వత్తులు ఒక్క చేత్తో చేస్తుంది. అవే గ్లాసులో నిలబెడితే పోదా?

నిప్పుకోడి
365 వత్తులు ఒకే గ్లాసులో పెడితే అంచు దాకా కచ్చితంగా కరుగుతుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
పత్తి గారి ప్రశ్న అమాయకపుది కాదు, అసలు విషయం అందులోనే ఉంది.

మండేది వత్తి కాదు, మైనం. అదీ గడ్డగా ఉన్నప్పుడో ద్రవంగా ఉన్నప్పుడో కాదు, ఆవిరి అయ్యాక. నమ్మకం లేకపోతే కొవ్వొత్తిని ఊది ఆర్పి, లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపండి. మంట ఆ పొగ వెంట దిగి వత్తిని అందుకుంటుంది. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లో ఫారడే పిల్లల ముందు చేసి చూపించింది ఇదే. నేను ఏటా తొమ్మిదో తరగతికి చేసి చూపిస్తాను, ఏటా ఎవరో ఒకరు "ఇంకోసారి సార్" అంటారు. వత్తి చేసేది పంపు పని. మైనాన్ని ఎంత వేగంగా పైకి తోడితే మంట అంత.

ప్రమిదలో నూనె ముందే ద్రవంగా ఉంటుంది, వత్తి అంచున పడుకుని ఉంటుంది, కొస మాడితే మనం పుల్లతో ఎగదోస్తాం. కొవ్వొత్తిలో ఎగదోసే చెయ్యి లేదు. ఆ పని వత్తి అల్లికే చేసుకోవాలి. బల్లపరుపుగా అల్లిన వత్తి కాలుతూ ఒక పక్కకు వంగుతుంది, కొస మంట అంచుకు చేరుతుంది, అక్కడ గాలి అంది బూడిదై రాలిపోతుంది. 1820లలో ఫ్రాన్సులో కాంబసెరెస్ అనే ఆయన ఈ అల్లిక కనిపెట్టేదాకా ఊరికే పేనిన వత్తుల్ని కాసేపటికోసారి కత్తెరతో కొస కత్తిరిస్తూ కూర్చునేవారు. మీ అమ్మగారి వత్తి పేనింది, అల్లింది కాదు. మెత్తటి సోయాలో అది మెడ వాల్చి మునిగిపోతుంది.

ఇక సోయాకు లావు వత్తి ఎందుకంటే, మామూలు కొవ్వొత్తుల్లో ఉండే పారఫిన్ మైనం అణువులు ఇరవై నుంచి నలభై కార్బన్ల గొలుసులు. సోయా మైనం అంటే గట్టిపరచిన నూనె, ఒక్కో అణువులో యాభై ఏడు దాకా కార్బన్లు. కరిగినా చిక్కగా ఉంటుంది, తోడడం కష్టం. అందుకే పారఫిన్‌కు సరిపోయే వత్తి సోయాలో చతికిలబడుతుంది. పెట్టెల్లో వచ్చే సన్న వత్తులు చాలావరకు పారఫిన్ లెక్కకు చేసినవి.

ఆదిలాబాద్_పత్తి
అర్థమైంది మాస్టారూ. అమ్మకు చెప్పాను. "అయితే అల్లుతాను, ఎంత లావు కావాలో అడుగు" అంటోంది.

కెమిస్ట్రీ_మాస్టారు
అమ్మగారికి నమస్కారాలు. మూడు పాయల జడ కాకుండా ఎక్కువ పోగులతో బిగువుగా, బల్లపరుపుగా అల్లాలి. ఉప్పు, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టి పూర్తిగా ఆరబెడితే కొస శుభ్రంగా కాలుతుంది. ఆ తరువాత కరిగిన మైనంలో ముంచి నిటారుగా ఆరవేయాలి. కాకపోతే రెండు వత్తులు ఒకేలా రావు. ఒక కొవ్వొత్తికి సరదాగా బాగుంటుంది.

కాఫీ_గ్లాసు
గట్టిపరచిన నూనె అంటే డాల్డానా?

కెమిస్ట్రీ_మాస్టారు
దగ్గరి చుట్టమే. వనస్పతి నలభై ఒకటి లోపే కరిగేలా చేస్తారు, కొవ్వొత్తి మైనాన్ని ఇంకాస్త గట్టిపరుస్తారు. 1990ల మొదట్లో అమెరికాలోని అయోవాలో, తేనె మైనానికి చవకైన బదులు వెతుకుతుంటే పుట్టింది ఈ సోయా మైనం. అది సోయా పండే రాష్ట్రం.

నిప్పుకోడి
కొవ్వొత్తి అనే మాటలోనే కొవ్వు ఉంది కదా. ఇన్నాళ్లకు పేరు సార్థకమైంది, అదీ శాకాహార కొవ్వు.

కాఫీ_గ్లాసు
నేను వత్తులు కొనడం ఎందుకని ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టాను. చెక్క వత్తులు చిటపటలాడతాయని, బయట అంతంత ధరకు అమ్ముతున్నారని. వంటనూనెలో ఒక రాత్రి నానబెట్టి మరీ పెట్టాను. రెండు నిమిషాలు దివిటీలా మండి ఆరిపోయింది.

శ్రావణమేఘం
చెక్క వత్తి అని అమ్మేది మిల్లీమీటరు కూడా లేని పలుచటి రేకు. ఐస్‌క్రీమ్ పుల్ల దానికి రెండింతలు మందం. పుల్లకు పీల్చిన నూనె అయిపోగానే మైనం అందదు, ఆరిపోతుంది. అసలైన చెక్క వత్తి కూడా మొండిదే. నాలుగు మిల్లీమీటర్లకు మించి పైకి ఉంచితే వెలగదు, మరీ కిందికి కత్తిరిస్తే మునిగిపోతుంది. నేను హైదరాబాద్‌లో చిన్నగా అమ్ముతాను. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం చెక్క వత్తులవే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నూలు వత్తితోనే చేయి తిరగనివ్వండి.

కాఫీ_గ్లాసు
మరి గ్లాసు బదులు కొబ్బరి చిప్ప, మట్టి ప్రమిద? ఫోటోల్లో ఎంత అందంగా ఉంటాయో.

శ్రావణమేఘం
కొబ్బరి చిప్ప పొయ్యిలో ఎలా మండుతుందో మీ అమ్మమ్మగారిని అడగండి. పూత లేని మట్టి ప్రమిద మైనాన్ని తాగేస్తుంది, కింద బల్ల మీద జిడ్డు మరక తేలుతుంది. మందపాటి గాజు గానీ, మూత ఉన్న రేకు డబ్బా గానీ మేలు. పలుచటి నీళ్ల గ్లాసులు వద్దు, వేడికి చిట్లుతాయి.

పాత_మైనం
ఇప్పటిదాకా ఊరుకున్నాను, ఒక మాట చెప్పాలి. మా నాన్నగారు గుణదల తిరునాళ్లకు కొవ్వొత్తులు పోసేవారు. ఫిబ్రవరి 9, 10, 11 మూడు రోజుల పని కోసం మాకు క్రిస్మస్ పోగానే మొదలయ్యేది. రెండు రెక్కల అల్యూమినియం అచ్చు, పై నుంచి కిందికి వీణ తీగల్లా బిగించిన నూలు వత్తులు, అచ్చుకు లోపల కాస్త నూనె పూసి మూసి, పై గాడిలో పారఫిన్ పోసి, అచ్చు మొత్తాన్ని నీళ్ల తొట్టిలో దించేవాళ్లం. చల్లారాక రెక్కలు తెరిస్తే చప్పుడుతో విడివడేవి. మైనంలో స్టియరిక్ ఆమ్లం కలిపేవాళ్లం, గట్టిదనానికి, అచ్చు నుంచి సులువుగా ఊడడానికి. నాన్నగారు తూకం వేయలేదు, థర్మామీటర్ చూడలేదు. పోసేముందు గిన్నె అంచున పొర కడుతోందా అని చూసేవారు. మీ సోయా సుకుమారం చూస్తుంటే నాకు నవ్వు వస్తోంది. పారఫిన్ వాడండి, బావులూ ఉండవు, గోడలూ ఉండవు.

కాఫీ_గ్లాసు
పారఫిన్ పెట్రోలియం కదండీ. విషం. గదిలో వెలిగిస్తే క్యాన్సర్ అని చదివాను. సోయా అయితే పొగే రాదు.

కెమిస్ట్రీ_మాస్టారు
రెండు మాటలూ నిజం కావు. సోయాకు కూడా మసి వస్తుంది, పెద్ద వత్తి పెట్టి చూడండి. మసి అనేది సరిగా మండని కార్బన్. అది మైనం పేరు మీద కన్నా వత్తి కొలత మీద, కొస పొడవు మీద, గాలి మీద ఎక్కువ ఆధారపడుతుంది. వెలిగించే ముందు ప్రతిసారీ కొసను ఆరు మిల్లీమీటర్లకు కత్తిరిస్తే ఏ మైనమైనా మర్యాదగా మండుతుంది. భయపడవలసింది వత్తుల్లో సీసపు తీగ ఉన్న రోజుల్లో. అమెరికాలో 2003లో దాన్ని నిషేధించారు. ఇప్పుడు తీగ ఉన్నవి దొరికితే సాధారణంగా అది జింకు. ఒక అగరుబత్తి పొగ మంచి కొవ్వొత్తి పొగకన్నా ఎక్కువే, దాన్ని మాత్రం రోజూ పూజగదిలో తలుపు మూసి వెలిగిస్తాం.

కాఫీ_గ్లాసు
అగరుబత్తి జోలికి రాకండి మాస్టారూ, మా ఇంట్లో గొడవలైపోతాయి.

శ్రావణమేఘం
పాత_మైనం గారితో సగం ఒప్పుకుంటాను. అచ్చులో పోసి నిలబెట్టే కొవ్వొత్తికి గ్లాసు సోయా పనికిరాదు, అది మెత్తనిది. గ్లాసులో పోయడానికే అమ్మే గోల్డెన్ వాక్స్ 464 లాంటివి 45–48 డిగ్రీల మధ్య కరుగుతాయి. ఇప్పుడు విజయవాడ ఎండ తలచుకోండి. గత మే నెలలో ఇరవై కొవ్వొత్తులు కొరియర్‌లో పంపాను. చేరేసరికి అన్నీ ఒక పక్కకు ఒరిగి గడ్డకట్టాయి, వత్తులు గోడకు ఆనుకున్నాయి. ఒకావిడ "ఇది కొత్త డిజైనా" అని అడిగింది, ఔనని చెప్పేదాన్నే.

అప్పటినుంచి వేసవిలో పదో వంతు తేనె మైనం కలుపుతున్నాను. అది 62 దాటితేగాని కరగదు, మొత్తం కాస్త గట్టిపడుతుంది. దాంతో పాత వత్తి చాలలేదు, ఒక సైజు పెంచవలసి వచ్చింది. ఒకటి కదిపితే మిగతావన్నీ కదులుతాయి.

సాయంత్రదీపం
ఇంత సమాచారం ఒక్క రోజులో వస్తుందనుకోలేదు. వత్తులు తెప్పిస్తున్నాను. ఈలోగా ఒక అనుమానం, నా మైనం నిజంగా సోయానేనా? ప్యాకెట్ మీద "సహజ మైనం" అని ఉంది.

డల్లాస్_దోసకాయ
"సహజ" అంటే ఏదైనా కావచ్చు. పామ్, కొబ్బరి, పారఫిన్ కలిసినవి కూడా ఆ పేరుతో తిరుగుతాయి. చేతికి రాసుకుంటే జిడ్డుగా పాకుతుందా, గిన్నె వేడి నీళ్లు సబ్బుతో సులువుగా వదులుతుందా? అయితే ఎక్కువ భాగం మొక్కల నూనె జాతిదే. విరిస్తే పటుక్కున విరిగి, గోటికి గాజులా తగిలితే పారఫిన్ పాలు ఎక్కువ. ఇవి ఇంటి గుర్తులు, అంతకుమించి కాదు. ఏదైనా ఒకే చోట కొంటూ ఉండండి. సరుకు మారితే వత్తి లెక్క మారుతుంది.

సాయంత్రదీపం
జిడ్డుగానే ఉంది, గిన్నె సులువుగానే వదిలింది. పైన తెల్లగా బూజులా కూడా కడుతోంది.

కెమిస్ట్రీ_మాస్టారు
బూజు కాదు. చలికాలంలో నెయ్యి పూస కట్టడం చూశారు కదా, అదే సంగతి. కొవ్వు స్ఫటికాలు పెద్దవై పైకి తేలుతాయి. సోయా అని చెప్పడానికి అదొక మంచి గుర్తు. కాలడానికి దానివల్ల ఏ లోపమూ లేదు.

నిప్పుకోడి
మొత్తానికి డాల్డా, నెయ్యి, గారెలు. ఇది వంటల విభాగానికి మార్చండి.

గడ్డిపూలు
అయితే ఇదీ చెప్పుకుంటాను. రంగు కోసం మా మనవరాలి క్రేయాన్ ముక్కలు వేశాను. రంగు బ్రహ్మాండంగా వచ్చింది. పావుగంటకు వత్తి గుడ్డిదీపమైపోయింది.

శ్రావణమేఘం
క్రేయాన్ రంగు పొడి మైనంలో కరగదు, వత్తి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. కొవ్వొత్తుల కోసం అమ్మే, నూనెలో కరిగే రంగు వాడండి.

సాయంత్రదీపం
మూడు వారాల తరువాత వస్తున్నాను. వత్తులు వచ్చాయి, పోశాను, పది రోజులు ఆగాను. ఈ ఆగడం గురించి మీలో ఎవరూ చెప్పలేదు, వత్తుల ప్యాకెట్‌తో వచ్చిన కాగితంలో చదివాను.

డల్లాస్_దోసకాయ
అయ్యో, మరచిపోయాను. సోయాను ఒకటి రెండు వారాలు మాగబెట్టాలి. ఆవకాయ కలిపిన రోజు ఒక రుచి, ఊరాక ఒక రుచి కదా, వాసనకూ అంతే.

సాయంత్రదీపం
ఫలితాలు నోటుపుస్తకంలోంచి ఎత్తి రాస్తున్నాను. మూడింటిలోనూ మైనం 180 గ్రాములు, నూనె 6 శాతం, 57 డిగ్రీల దగ్గర పోశాను.

సీడీ 12: నాలుగు గంటలకు మడుగు ఐదు సెంటీమీటర్లే. మంట వణుకుతూనే ఉంది.
సీడీ 14: నాలుగు గంటలకు ఆరు. మడుగు గుండ్రంగా లేదు, కిటికీ వైపు ఎక్కువ, గోడ వైపు తక్కువ. గ్లాసు లోపల ఒక పక్క నల్లటి మసి.
సీడీ 16: నాలుగు గంటలకు ఏడు దాటింది. ఇదీ ఒక పక్కకే. కానీ మూడింటిలో ఇదే నయం.

అయితే 16 ఖాయం చేసుకోనా, 18 తెప్పించనా?

నిప్పుకోడి
18.

డల్లాస్_దోసకాయ
ఆగండి. ఏడున్నరకు 16 కూడా చాలకపోవడం, మూడు గ్లాసులూ ఒకే పక్కకు కరగడం, నాకు లెక్క కుదరడం లేదు. నూనె మరీ చిక్కటిదా?

పాత_మైనం
అమ్మా, ఒక ప్రశ్న. వెలిగించినప్పుడు పైన ఫ్యాన్ తిరుగుతోందా?

సాయంత్రదీపం
బాబాయి గారూ, ఏప్రిల్‌లో విజయవాడలో ఫ్యాన్ ఆపి నాలుగు గంటలు ఎవరు కూర్చుంటారు?

పాత_మైనం
అదే. మా కొట్టంలో ఎంత ఉక్కపోసినా, వత్తి పరీక్షించేటప్పుడు నాన్నగారు తలుపు వేసేసేవారు. మంట ఆడకూడదు, నిలబడాలి. ఆడే మంట ఒక పక్క గోడను కాలుస్తుంది, రెండో పక్కను వదిలేస్తుంది, మసి కక్కుతుంది. ఫ్యాన్ కింద చూసి 16 పెట్టావనుకోండి, రేపు ఎవరైనా ఫ్యాన్ లేని గదిలో వెలిగిస్తే అదే వత్తి దివిటీ అవుతుంది. సోయాకైనా పారఫిన్‌కైనా ఈ మాటలో తేడా లేదు.

డల్లాస్_దోసకాయ
నేను ఏసీ గది లెక్కలో ఆలోచిస్తూ ఫ్యాన్ సంగతే అడగలేదు. పాత_మైనం గారికి వంద మార్కులు.

నిప్పుకోడి
నా 18 వెనక్కి తీసుకుంటున్నాను.

సాయంత్రదీపం
నిన్న అత్తయ్యగారు నిద్రపోయాక హాల్లో ఫ్యాన్ ఆపి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చున్నాను. మళ్లీ కొత్త గ్లాసులతోనే చేశాను.

సీడీ 12: నాలుగు గంటలకు 6.3. అంచున చుట్టూ అర సెంటీమీటరుకు పైగా మైనం మిగిలింది.
సీడీ 14: మూడు గంటలకు ఏడు, నాలుగు గంటలకు దాదాపు అంచు. లోతు ఒక సెంటీమీటరు. మంట కదలలేదు. మల్లె వాసన వంటింటి దాకా వచ్చింది.
సీడీ 16: రెండు గంటలు కాకముందే అంచు తాకింది. నాలుగు గంటలకు వత్తి తల మీద నల్లటి పుట్టగొడుగు, లోతు 1.6. గ్లాసు చేత్తో పట్టుకోలేకపోయాను.

పాతపెట్టెలో వచ్చిన వత్తి కూడా సరదాకు వెలిగించాను. ఫ్యాన్ లేకపోయినా బావే తవ్వింది. అంటే తప్పు వత్తిదీ, ఫ్యాన్‌దీ, నా మూతలదీ. మైనానిది కాదు.

శ్రావణమేఘం
14 సరైనదే. ఒక్క రోజుతో ఖాయం చేసుకోకండి, అదే గ్లాసును అడుగు దాకా నాలుగేసి గంటల చొప్పున కాల్చి చూడండి. సగం దాటాక గ్లాసు లోపల వేడి పెరుగుతుంది, కొన్ని వత్తులు అప్పుడు బుద్ధి చూపిస్తాయి. అడుగున ఒక సెంటీమీటరు మైనం ఉండగానే ఆపేయండి. ఎప్పుడైనా మంట లేచి మైనం అంటుకుంటే నీళ్లు చల్లకండి, బాణలి మీద మూత పెట్టినట్టు మూత పెట్టాలి. అందుకే ప్రతి గ్లాసుకూ మూత ఇస్తాను.

ఆదిలాబాద్_పత్తి
మా అమ్మ అల్లిన వత్తి కూడా పరీక్షించాం. ఎనిమిది పోగులు, బోరాక్స్ నీళ్లు, అన్నీ మాస్టారు చెప్పినట్టే. మొదటిది మునిగింది. రెండోది గంటన్నర నిలబడింది. మూడోది అల్లుతోంది, ఇక ఊరుకోదు.

కెమిస్ట్రీ_మాస్టారు
రెండోదాని ఫోటో పెట్టండి. కొస వంగిందా, నిటారుగా ఉందా?

ఆదిలాబాద్_పత్తి
వంగింది మాస్టారూ. వంగింది కదా అని అమ్మ పుల్లతో ఎగదోసింది. అందుకే ఆరిపోయింది.

పాత_మైనం
అమ్మగారి చెయ్యి ఊరుకోదు, అలవాటు.

సాయంత్రదీపం
అడుగు దాకా కాల్చాను, 14 నిలబడింది. ఆఖరి రోజు గ్లాసు వేడిగా ఉంది కానీ పట్టుకోగలిగాను. ఈ ఉత్సాహంలో ఇరవై నాలుగు గ్లాసులు తీసుకుందామని వన్‌టౌన్ వెళ్లాను. ఆ రకం రావడం ఆగిపోయిందట. "అచ్చం అలాంటివే" అని ఇంకో రకం ఇచ్చాడు. ఇంటికి వచ్చి లోపల స్కేలు పెట్టి చూస్తే ఎనిమిదిన్నర. ఇప్పుడు మళ్లీ మొదటినుంచా?

డల్లాస్_దోసకాయ
సీడీ 16, 18, 20.

నిప్పుకోడి
అత్తయ్యగారు ఎన్నింటికి నిద్రపోతారు?